హ్యూస్టన్ దగ్గర పియర్స్ వ్యాధికి తట్టుకునే ఎర్ర వైన్ ద్రాక్ష ఏది?

మాది టెక్సస్‌లో హ్యూస్టన్‌కి పడమర వైపు. బంకమట్టి నేల, డ్రిప్ ఉంది, రోజంతా ఎండ తగులుతుంది. ఇంట్లో ఎర్ర వైన్ చేసుకుందామని కాబర్నే సావిన్యాన్, మెర్లో అనే ద్రాక్ష రకాలు పెట్టాం. మూడో వేసవిలో, జులై చివర, ఆకుల అంచులు మాడటం మొదలైంది. తర్వాత ఆకు రాలిపోయి కాడ మాత్రం తీగకే మిగిలింది. ముదిరిన గోధుమరంగు తీగల మీద అక్కడక్కడ పచ్చటి మచ్చలు ఉండిపోయాయి, గుత్తులు ఎండిపోయాయి.

నీళ్లు పెంచాం, జబ్బు తీగలు కత్తిరించాం, వేళ్ల దగ్గర ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు పోశాం. ఆగలేదు. ల్యాబ్ పరీక్షలో పియర్స్ వ్యాధి అని తేలింది. షార్ప్‌షూటర్ పురుగులు మోసుకొచ్చే ఈ వ్యాధి బ్యాక్టీరియా ఒకసారి తీగలోకి వెళ్తే నయం చేసే మందు లేదు. చేతులారా పెంచిన తీగలు పీకేయడం చాలా బాధనిపించింది. ఇక రకం మార్చడమే దారి.

ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 1987లో విడుదల చేసిన బ్లాంక్ డు బోయిస్ ఇక్కడ బాగా వస్తుంది, కానీ అది తెల్ల ద్రాక్ష. ఎర్ర రకాల్లో రెండు చూశాను. ఒకటి పాత హైబ్రిడ్ లెనోయిర్, ఇక్కడి వాళ్లు బ్లాక్ స్పానిష్ అంటారు. వ్యాధికి నిలబడుతుంది గానీ పులుపు ఎక్కువ, బూజు తెగులు పడుతుంది. రెండోది డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2019లో ఇచ్చిన కమినారే నోయిర్. రుచి కాబర్నేకి దగ్గరని చెబుతారు, అందుకే మనసు అటే లాగుతోంది. కానీ అది పొడి కాలిఫోర్నియాలో తయారైన రకం.

మా వైపు మెక్సికో గల్ఫ్ తీరపు తేమలో కమినారే నోయిర్ పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: బూజు తెగులుకి అది లెనోయిర్ కంటే మెరుగ్గా తట్టుకుందా?