‘బ్లైండ్ రివెట్’ను ‘గుడ్డి రివెట్టు’ అనవచ్చునా?

ప్రశ్న

సభ్యులకు నమస్కారం. లోహపు రేకుల బిగింపు పనులపై ఒక శిక్షణ పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ‘స్ట్రక్చరల్ బ్లైండ్ రివెట్’ అన్న మాట పదే పదే వస్తుంది; రేకులను కలిపి బిగించే ఒక రకం లోహపు మేకు అది. నాకు ముందు ఆ పని చేపట్టినవారు దానిని ‘నిర్మాణాత్మక గుడ్డి రివెట్టు’ అని రాసి ఉంచారు. చదివినప్పుడల్లా ఆ మాట పంటికింద రాయిలా తగులుతోంది గాని, తప్పెక్కడో సూటిగా చెప్పలేకపోతున్నాను. వస్తువు సంగతీ, మాట సంగతీ తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం

అయ్యా, అది మీ చెవి చేసిన పొరపాటు కాదు. ‘నిర్మాణాత్మక’ అనగానే తెలుగు పాఠకుడికి తోచేది నిర్మాణాత్మక విమర్శ, నిర్మాణాత్మక సూచన. అంటే మేలు చేసేది, పనికి వచ్చేది అని. కట్టడపు భారాన్ని మోసేది అన్న అర్థం ఆ మాట వినగానే తట్టదు. ఇక ‘గుడ్డి’ అన్నది మరీ చిక్కు. గుడ్డి దీపం వెలుగు చాలని దీపం, గుడ్డి గవ్వ విలువ లేని గవ్వ. వస్తువు పేరుకు ముందు ‘గుడ్డి’ చేరితే ఆ వస్తువులో సత్తువ లేదన్న అర్థమే మన భాషలో పలుకుతుంది. ఒంటివైపు నుంచి బిగించే రివెట్లలో అన్నిటికంటె గట్టిదానికి ఆ విశేషణం తగిలిస్తే చదివేవాడు తలకిందులుగా అర్థం చేసుకుంటాడు.

అసలు ఇక్కడ చూపు లేనిది రివెట్టుకు కాదు, పనివాడికి. పాత పద్ధతిలో ఒకరు ఇవతల నుంచి సుత్తితో కొడుతుంటే, అవతల మరొకరు బరువైన ఇనుప దిమ్మను ఆనించి పట్టుకునేవారు. మూసిన గొట్టం, పెట్టెలాంటి చట్రం వంటి చోట్ల అవతలి వైపుకు చెయ్యి పోదు, కన్నూ పోదు. అటువంటి చోట ఇవతలి నుంచే పని ముగించడానికి ఏర్పడినది ఈ రివెట్టు. బోలుగా ఉండే ఒక ఒర, దాని నడుమ ఒక పుల్ల, పుల్ల చివర ఒర రంధ్రం కంటె లావైన తల ఉంటాయి. తుపాకీ వంటి పనిముట్టు పుల్లను పట్టి వెనక్కు లాగుతుంది. తల వచ్చి ఒర చివరను ఉబ్బిస్తుంది. రేకులు దగ్గరకు వచ్చి బిగిశాక, పుల్ల తన మీద ముందే చేసి ఉంచిన గాటు దగ్గర టప్పున తెగుతుంది.

మామూలు రకంలో అంతటితో కథ అయిపోతుంది. తెగిన పుల్ల బయటికి వచ్చేస్తుంది, రేకులు కలిసే చోట మిగిలేది బోలు ఒర ఒక్కటే. మామూలు రకాన్నీ, భారం మోసే రకాన్నీ బిగించిన తరువాత నిలువునా కోయించి పక్కపక్కన పెట్టి చూశాను. మొదటిదాని నడుమ ఖాళీ సందు, అడుగున వదులుగా చిక్కుకున్న పుల్ల తల కనిపించాయి. రెండవదానిలో పుల్ల ఒర తలకు సమంగా తెగి, కింది నుంచి పై వరకు నిండుగా నిలిచి ఉంది. ఒరకూ పుల్లకూ నడుమ గోరు దూరే సందు కూడా లేదు.

బలమంతా అక్కడే ఉంది. రెండు రేకులూ ఎదురెదురు దిక్కులకు జారబోయినప్పుడు అవి కత్తెర అంచుల్లా రివెట్టును అడ్డంగా కోయడానికి చూస్తాయి. ఒర వెలుపలి వ్యాసం 6 మిల్లీమీటర్లు, లోపలి రంధ్రం 4 మిల్లీమీటర్లు అనుకుందాం. బోలు ఒరలో ఆ కోతకు అడ్డుపడే లోహం సుమారు 15.7 చదరపు మిల్లీమీటర్లు. పుల్ల లోపలే ఉండిపోతే అది 28.3 అవుతుంది, అంటే దాదాపు 1.8 రెట్లు. పుల్లను ఒర కంటె గట్టి లోహంతో చేసినప్పుడు లాభం ఇంకా పెరుగుతుంది. అయితే పుల్ల లోపల ఉంటే చాలదు, కదలకుండా ఉండాలి. అందుకే ఒర అంచు లోహాన్ని పుల్ల మీది గాడిలోకి నొక్కడం ద్వారానో, విడి ఉంగరాన్ని ఇరికించడం ద్వారానో దానికి గడియ వేస్తారు. ఈ గడియ లేకపోతే అదురుకు పుల్ల వదులై జారిపోతుంది, రివెట్టు తిరిగి బోలుదే అవుతుంది.

మరొక సంగతి కూడా చెప్పాలి. లాగేటప్పుడు ఒర పక్కలకు కూడా ఉబ్బి రేకుల రంధ్రాన్ని నింపుతుంది కనుక, రేకులు అటూ ఇటూ ఆడవు, తడి లోపలికి సులువుగా దిగదు. రంధ్రాన్ని కొలత కంటె పెద్దగా తొలిస్తే ఈ మేలు పోతుంది. మీ పుస్తకంలో ఆ హెచ్చరిక ఉన్న వాక్యాన్ని అనువాదంలో పలచబరచవద్దని నా మనవి.

కాబట్టి ‘భారం మోసే ఒంటివైపు రివెట్టు’ అని రాయండి. పొడవైన మాటే, కాని వస్తువును ఉన్నదున్నట్టు చెబుతుంది. తొలిసారి వచ్చిన చోట ‘స్ట్రక్చరల్ బ్లైండ్ రివెట్’ అని పక్కనే ఇచ్చి, ఆ పైన ‘ఒంటివైపు రివెట్టు’ అని కొనసాగించవచ్చు.

మళ్ళీ ప్రశ్న

చాలా సంతోషమండీ. ‘ఒంటివైపు’ నాకు నచ్చింది. పనివాళ్ళు దీనిని కూడా ‘రివెట్టు కొట్టడం’ అనే అంటారు కదా, పుస్తకంలో ఆ క్రియనే ఉంచవచ్చునా?

సమాధానం

నోటి మాటగా ‘కొట్టడం’ నిలిచిపోయింది, దానిని తప్పు పట్టనక్కరలేదు. కాని పని నేర్పే పుస్తకంలో ‘కొట్టండి’ అని చదివిన కొత్తవాడు సుత్తి అందుకునే ప్రమాదం ఉంది. ఈ రివెట్టుపై దెబ్బ పడదు, లాగుడే పడుతుంది. కనుక సూచనల్లో ‘లాగి బిగించండి’ అని, పుల్ల తెగే ఘట్టానికి ‘పుల్ల ఒర తలకు సమంగా తెగే వరకు’ అని రాయండి. అలా రాస్తే పనివాడు ఆ తెగిన చోటును తప్పక చూస్తాడు; అది పైకి పొడుచుకు వచ్చినా, లోపలికి కుంగినా, రేకుల మందానికి తగిన పొడవు రివెట్టును ఎంచుకోలేదేమో సరిచూడాలి.