బానెట్ మీద పెయింట్ పెచ్చులు: సిల్వర్ మెటాలిక్‌కి ఇంట్లో టచప్ చేసినవాళ్లు ఉన్నారా?

అందరికీ నమస్తే. మాది ఆరేళ్ల నాటి కారు, సిల్వర్ మెటాలిక్. హైవే మీద కంకర టిప్పర్ల వెనక తిరిగీ తిరిగీ బానెట్ ముందు అంచున పెయింట్ అక్కడక్కడా ఊడింది. ఆవగింజంత మచ్చలే గానీ రెండు చోట్ల రేకు బయటపడింది. ఒకదాని అంచున తుప్పు కూడా మొదలైంది. వానలు పడేలోపు ఏదో ఒకటి చేయాలి.

డోర్ మీద సన్న గీత ఒకటుంది. గోటికి తగలట్లేదు కాబట్టి క్లియర్ కోట్ (రంగు మీదుండే పారదర్శక పొర) వరకే అయుంటుంది, రబ్బింగ్ కాంపౌండ్‌తో పోతుంది. దాని గురించి బెంగ లేదు.

షెడ్డులో మొత్తం బానెట్‌కి పెయింట్ కొట్టాలంటున్నారు. ఇన్సూరెన్స్‌లో పెడితే క్లెయిమ్ లేనందుకు వచ్చిన 50 శాతం బోనస్ పోతుంది. ఈ మాత్రం మచ్చలకి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే!

కలర్ కోడ్ చూసి టచప్ బాటిల్, ప్రైమర్, క్లియర్ కోట్ తెచ్చాను. తుప్పుని ఎమరీ పేపర్‌తో గీకేశాక నేరుగా ప్రైమర్ పెట్టొచ్చా, రస్ట్ కన్వర్టర్ (మిగిలిన తుప్పుని గట్టి పొరగా మార్చే మందు) కూడా కావాలా? బాటిల్ మూతకున్న బ్రష్ మరీ లావు. టూత్‌పిక్‌తో చుక్క పెడితే మెటాలిక్ రేణువులు సరిగ్గా పరుచుకుంటాయా, లేక ముదురు మచ్చలా తేలుతుందా? పైకి లేచిన చుక్కని 2000 నంబర్ పేపర్‌తో, నీళ్లు పోస్తూ ఎన్ని రోజులాగి రుద్దాలి?

తెల్ల కార్ల వీడియోలు బోలెడు చూశాను. సిల్వర్ మీద చేసినవాళ్లు చెప్పండి ప్లీజ్.