క్యాప్సూల్‌తో కొవ్వు తినమన్నారు, ఏం తినాలి?

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎంఎస్ కోసం డెట్రాయిట్ పక్కకి వచ్చాను, మాది ఖమ్మం. ఇంటర్ నుంచీ మొటిమల బాధ ఉంది. ఇక్కడ స్కిన్ డాక్టర్ ఐసోట్రెటినోయిన్ రాశారు, రోజుకి 40 మిల్లీగ్రాములు. మందు తీసుకునేటప్పుడు ఫార్మసీ కౌంటర్లో అమ్మాయి "హై ఫ్యాట్ స్నాక్‌తో వేసుకో" అంది. వెనక ఆరుగురు లైన్లో ఉన్నారు, ఇంకేమీ అడగలేక బయటికొచ్చేశాను.

పొద్దున ఏడింటి బస్సు. దానికి ముందు ఒక అరటిపండు, బ్లాక్ కాఫీ, క్యాప్సూల్. ఆరు వారాలైంది. పెదాలు కొంచెం ఎండాయి తప్ప మొహంలో మార్పేమీ లేదు. గుడ్డు తింటాను, మాంసం తినను. ఇక్కడ స్నాక్ అంటే నాకు చిప్స్ తప్ప తెలియవు. ఇంట్లో చెప్తే అమ్మ "నూనె తింటేనే మొటిమలొస్తాయి, ఏం డాక్టర్రా వాడు" అంటోంది. ఎవరైనా వాడినవాళ్ళుంటే చెప్పండి.

కాంటన్ నుంచి ఒక అక్క:

తమ్ముడూ, మా పెద్దాడు రెండేళ్ళ క్రితం ఇదే వాడాడు. వాడూ నీలాగే బడికి పరిగెత్తుతూ ఉత్త జ్యూస్‌తో మింగేవాడు. మా డాక్టర్ చెప్పిన లెక్క ఒక్కసారికి 20 గ్రాముల కొవ్వు. నీ డాక్టర్ లెక్క వేరే అయితే అదే పాటించు.

ముందు నువ్వు స్నాక్ వెతకడం మానేయ్. క్యాప్సూల్‌ని పొద్దున్నుంచి తీసి రాత్రి భోజనం దగ్గర పెట్టు. అన్నంలో రెండు చిన్న చెంచాల నెయ్యి వేసుకుంటే అక్కడే దాదాపు పది గ్రాములు. కందిపొడి, ఆవకాయ నూనె, పక్కన గడ్డపెరుగు ఉంటే లెక్క దానంతటదే కుదురుతుంది. మీ అమ్మగారు చిన్నప్పుడు నీకు కలిపి పెట్టిన ముద్దే ఇది. దీనికి అమెరికా కొట్లన్నీ తిరగనక్కర్లేదు.

పెరుగు మాత్రం డబ్బా చూసి కొను. ఇక్కడ పెరుగుల్లో సగం జీరో ఫ్యాట్‌వే. పాలు కూడా హోల్ మిల్క్ (వెన్న తీయనివి) అని రాసి ఉంటేనే, కప్పుకి 8 గ్రాములు. మేం వచ్చిన కొత్తలో నీలి నీళ్ళలా ఉన్న పాలు కొని, తోడు వేసి, ఇదేం ఊరు, పెరుగు కూడా సరిగ్గా తోడుకోదు అని తిట్టుకున్నాం. తీరా చూస్తే అవి స్కిమ్ పాలు, అంటే వెన్న తీసేసినవి.

కొత్త విద్యార్థి:

థాంక్స్ అక్కా. సాయంత్రం లైబ్రరీలో పని, పదకొండున్నరకి రూముకి వస్తాను. అప్పటికి రూమ్మేట్స్ గిన్నె కడిగేసి ఉంటారు. వారంలో నాలుగు రోజులు భోజనం అంటూ ఉండదు. నిన్న మీ మెసేజ్ చూడకముందే పీనట్ బటర్ కూడా కొన్నాను, పొడి రూపంలో ఉంది, నీళ్ళలో కలుపుకోవాలట.

ఫార్మసీలో పనిచేసే అన్న, ట్రాయ్:

ఆ పొడి డబ్బా తిప్పి "టోటల్ ఫ్యాట్" లైన్ చదువు. ఒకటో రెండో గ్రాములుంటాయి, అంతే. పల్లీల్లోంచి నూనె పిండేశాక మిగిలిన పిప్పి అది, మన ఊళ్ళో గానుగ దగ్గర గేదెలకి పెట్టే తెలగపిండికి చుట్టం. నీకు కావలసింది వాళ్ళు తీసేసిందే. మామూలు పీనట్ బటర్ అయితే రెండు పెద్ద చెంచాలకి 16 గ్రాములు. లేబుల్ మీద "సర్వింగ్ సైజ్" కూడా చూడు, అంకెలన్నీ ఆ కొలతకే.

ఇక ఎందుకు తినాలంటే, ఈ మందు కొవ్వులో కరుగుతుంది, నీళ్ళలో కరగదు. జిడ్డు చేతిని వట్టి నీళ్ళతో కడిగితే ఏమవుతుందో చూశావుగా. కడుపులోకి కొవ్వు వెళ్తే పైత్యరసం ఊరుతుంది, దానితో కలిసి మందు రక్తంలోకి ఎక్కుతుంది. బాగా కొవ్వున్న భోజనంతో వేసుకుంటే, ఖాళీ కడుపుతో వేసుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ మందు ఒంట పడుతుందని మందు కాగితంలోనే రాసి ఉంటుంది. అంటే ఇన్నాళ్ళూ నువ్వు 40 మింగుతూ అందులో సగమే వాడుకుంటున్నట్టు. ఈ మందులోనే తిండితో సంబంధం లేని రకాలు కూడా ఉన్నాయి, అబ్సోరికా లాంటివి. నీ సీసా మీద పేరు చూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఈ అరటిపండు కథ నీ డాక్టర్‌కి చెప్పావా? చెప్పకపోతే వచ్చే నెల ఆయన నీ మొహం చూసి "40 చాలట్లేదు" అనుకుని డోస్ పెంచుతారు. నువ్వేమో అదే వారం నెయ్యి మొదలుపెడతావు. రెండూ కలిసి ఒక్కసారిగా మీద పడతాయి. పెదాలు పగిలి, ముక్కులోంచి రక్తం కారి, లివర్ రిపోర్టు తేడా వచ్చి, అప్పుడు ఎందుకా అని అందరూ తల పట్టుకుంటారు. ఈ రోజే డాక్టర్‌కి మెసేజ్ పెట్టే ఆన్‌లైన్ పోర్టల్లో రెండు లైన్లు రాయి: ఆరు వారాలు సరైన తిండి లేకుండా వేసుకున్నాను, రేపట్నుంచి భోజనంతో వేసుకుంటాను, ఇదే డోస్ కొనసాగించాలా? సిగ్గు పడాల్సిందేమీ లేదు, ప్రతి వారం ఇలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తారు మా దగ్గరికి.

మర్చిపోయిన రోజుకి మర్నాడు రెండు వేసుకోకు, వదిలేయ్. విటమిన్ ఎ ఉన్న మాత్రలు, కాడ్ లివర్ ఆయిల్ వద్దు, ఈ మందు ఆ జాతిదే. క్యాప్సూల్ ఎవరికీ పంచకు, ముఖ్యంగా ఆడపిల్లలకి. గర్భంలో బిడ్డకి చాలా ప్రమాదం. ఐప్లెడ్జ్ అని ఈ మందు వాడేవాళ్ళందరూ పేరు నమోదు చేసుకునే తతంగం పెట్టి ఒక్కసారికి 30 రోజుల మందే ఇచ్చేది అందుకే. వాడుతున్నన్నాళ్ళూ, ఆపాక ఇంకో నెలా రక్తదానం కూడా చేయకూడదు. సోయా, పల్లీ అలర్జీ ఉంటే ముందే చెప్పు, చాలా కంపెనీల క్యాప్సూళ్ళలో సోయా నూనె ఉంటుంది.

నోవై నుంచి ఒకరు:

లోపల నూనె ఉంటే మళ్ళీ బయటి నూనె ఎందుకు బ్రో? అయినా ఇంత లెక్కలు దేనికి, కాఫీలో ఒక గరిటె కొబ్బరినూనె, ఒక గరిటె నెయ్యి వేసి తాగెయ్. నేను డైట్‌కి రోజూ తాగుతా.

ఫార్మసీ అన్న:

క్యాప్సూల్లో ఉన్నది బొట్టెడు, గ్రాముల్లో కాదు మిల్లీగ్రాముల్లో. నెయ్యి కాఫీ నీ ఇష్టం, ఈ పిల్లాడికి మాత్రం చెప్పకు. ఈ మందు ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, పెంచుతుంది. రోజూ పొద్దున్నే అంత నెయ్యి కాఫీలో పోసి తాగాలా?

ఫార్మింగ్టన్ హిల్స్ నుంచి, ఒకప్పటి మొటిమల బాధితుడు:

నేను అనుభవించాను కాబట్టి చెప్తున్నా. డాక్టర్ కొవ్వు తినమన్నారు కదా అని నేను దాన్ని లైసెన్స్ అనుకున్నాను. రోజూ బర్గర్, ఫ్రైస్, శనివారం బిర్యానీ, ఇంటి నుంచి వచ్చిన చేగోడీల డబ్బా. రెండో నెల రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు ఎక్కడికో వెళ్ళాయి, డోస్ తగ్గించారు, కోర్సు సాగింది. తర్వాత బాదం, అవకాడో, పల్లీలకి మారి, కోక్, బీరు మానేస్తే దిగొచ్చాయి. రక్తం ఇచ్చే రోజు పరగడుపున వెళ్ళమంటారు, ఆ రోజు క్యాప్సూల్ కూడా భోజనం దాకా ఆపు.

నీ లైబ్రరీ రోజులకి బ్యాగులో పెట్టుకునేవి: బాదం ఇరవై మూడు గింజలకి 14 గ్రాములు, లెక్కపెట్టి తినే ఓపిక లేకపోతే ఒక గుప్పెడు. అక్రోటు అదే తూకానికి 18. అవకాడో సగం తింటే పది దాటుతుంది, ఉప్పు, కారం, నిమ్మరసం వేసి బ్రెడ్ మీద రాస్తే మన పచ్చడిలాగే దిగిపోతుంది. అవకాడో గట్టిది కొంటే రెండు రోజులాగాలి, మెత్తది కొంటే ఆ రోజే. గుడ్డుకి 5. పల్లీపట్టీ, నువ్వుండలు మంచివే గానీ అందులో సగం బెల్లం, కాబట్టి ఒక్కటి తిని సరిపెట్టుకోకు, పక్కన గ్లాసు పాలు పెట్టుకో.

క్యాప్సూల్‌కి గ్లాసు నిండా నీళ్ళు తాగు. నేనోసారి బస్సులో ఒక్క గుక్కతో మింగితే గొంతులో అడ్డంపడి, రెండు రోజులు అన్నం ముద్ద కూడా మంటే.

కాంటన్ అక్క:

అమ్మగారికి ఇలా చెప్పు: ఆ నెయ్యి మొటిమలకి కాదమ్మా, మందుకి తోడుగా పంపిస్తున్నా అని. ఇంకోటి, ఆరు వారాలకే బెంగ పెట్టుకోకు. కోర్సు మామూలుగా నాలుగైదు నెలలు నడుస్తుంది, మొదట్లో కొందరికి ఇంకా ఎక్కువ అవుతాయి కూడా. మా వాడైతే మొదటి నెల ఫోటోలు దిగడం మానేశాడు.

కొత్త విద్యార్థి, పది రోజుల తర్వాత:

పోర్టల్లో రాశాను. డాక్టర్ అదే డోస్ ఉంచారు, రక్తపరీక్ష అనుకున్నదానికంటే రెండు వారాలు ముందే పెట్టారు. నిజంగానే వచ్చే విజిట్‌లో 60 చేద్దామనుకున్నారట. ఇప్పుడు లైబ్రరీలో తొమ్మిదింటి బ్రేక్‌కి పీనట్ బటర్ శాండ్‌విచ్, ఫ్లాస్క్‌లో హోల్ మిల్క్, క్యాప్సూల్. మొత్తం 24 గ్రాములు, డబ్బా వెనక అంకెలు చూసి లెక్కేశాను. ఇంటి దగ్గరున్న రోజు నెయ్యన్నం. పెదాలు మాత్రం ఈ వారంలోనే పగిలిపోయాయి, అంటే మందు ఎక్కుతున్నట్టేనా? వాసెలిన్ జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. పొడి డబ్బా ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఒక్క చెంచానే వాడాను.