అప్‌డేట్: మా పాపకి మ్యాప్ భయం పోయిందండీ

పదో తరగతి చదివే మా పాపకి మ్యాప్ పాయింటింగ్ అంటే టెన్షన్, ఏం చెయ్యాలని రెండు నెలల కిందట అడిగాను కదా. "మీ ఊరి నదితో మొదలుపెట్టండి" అన్న సలహా భలే పనిచేసింది. శ్రీకాకుళంలో మా ఇల్లు నాగావళికి దగ్గరే. ఒడిశా కొండల్లో పుట్టి, మన ఊరి మీదుగా వచ్చి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలిసేదాకా దారంతా తనచేతే గీయించాను. తర్వాత కళింగపట్నం తీసుకెళ్లి వంశధార సముద్రంలో కలిసే చోటు చూపించాను (ఐస్‌క్రీమ్ ఖర్చు అదనం).

రేఖాంశాల దగ్గరే తికమక పడింది. ఒక్కో డిగ్రీకి టైమ్‌లో 4 నిమిషాల తేడా, మన దేశ టైమ్‌కి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి 330 నిమిషాలు, అందుకే గ్రీనిచ్ కంటే మన టైమ్ 5½ గంటలు ముందని తనే లెక్క కట్టాక కాస్త దారిలో పడింది.

మొన్న స్లిప్ టెస్టులో మ్యాపుకి 8కి 7. నర్మద చోట తపతి రాసిందట!