అందరికీ వర్చువల్ డెస్క్‌టాప్ అవసరమా, అప్లికేషన్ ఒక్కటి పబ్లిష్ చేస్తే సరిపోతుందా?

ప్రశ్న

నమస్కారం. మా సంస్థలో 180 డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. అకౌంట్స్, స్టోర్స్ విభాగాలు వాడే సాఫ్ట్‌వేర్ పాతది. దాని క్లయింట్‌ను (వాడేవారి కంప్యూటర్‌లో నడిచే భాగాన్ని) ప్రతి మెషీన్‌లోనూ విడిగా ఇన్‌స్టాల్ చేయాలి కాబట్టి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మేమిద్దరం సీటు సీటుకీ తిరిగి పూర్తిచేసేసరికి వారం గడిచిపోతోంది. బ్రాంచీలను ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్ మీద అది మరీ నత్తనడక నడుస్తోంది. అంతా డేటా సెంటర్‌లోకి తెచ్చి వీడీఐ (ఒక్కొక్కరికీ సర్వర్‌లో నడిచే వర్చువల్ డెస్క్‌టాప్) పెట్టేద్దామని యాజమాన్యం అంటోంది. ముందుగా ఏం పరీక్షించుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1

మీ ఇబ్బంది అంతా ఒక్క అప్లికేషన్‌తోనే ఉన్నట్టుంది. దానికోసం 180 మందికీ తలా ఒక వర్చువల్ మెషీన్ ఇవ్వడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. విండోస్ సర్వర్ 2008 నుంచి రిమోట్‌యాప్ సదుపాయం ఉంది. సాఫ్ట్‌వేర్ సర్వర్‌లో ఒక్కచోటే ఉంటుంది, వాడేవారికి దాని విండో మాత్రం తమ కంప్యూటర్‌లోనే తెరుచుకున్నట్టు కనిపిస్తుంది, అప్‌డేట్ కూడా సర్వర్‌లో చేస్తే చాలు.

వీపీఎన్ మీద నెమ్మదించడానికి బ్యాండ్‌విడ్త్ కారణం కాకపోవచ్చు. ఇలాంటి పాత క్లయింట్లు ఒక్క స్క్రీన్ తెరవడానికి డేటాబేస్‌కు వందల క్వెరీలు (సమాచారం కోసం అభ్యర్థనలు) ఒకదాని తర్వాత ఒకటిగా పంపుతుంటాయి. వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టే లింకు మీద 300 క్వెరీలంటే 12 సెకన్లు నిరీక్షణకే పోతాయి. క్లయింట్‌ను డేటాబేస్ పక్కనే నడిపితే ఆ రాకపోకలన్నీ లోకల్ నెట్‌వర్క్‌లోనే ముగుస్తాయి, బ్రాంచీకి చేరేది తెర మీది మార్పులే.

అయితే ఒకే సర్వర్‌లో ఇద్దరు యూజర్లు ఒకేసారి వాడితే ఆ సాఫ్ట్‌వేర్ తట్టుకుంటుందో లేదో మొదట చూడండి. ఒక మెషీన్‌కు ఒకే మనిషి అన్న లెక్కతో రాసిన ప్రోగ్రాములు ఇక్కడే బోల్తా పడతాయి.

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తాను. మేము మాత్రం పూర్తి వీడీఐకే వెళ్లాం. ఉదయం అందరూ ఒకేసారి లాగిన్ అయ్యేటప్పటి బూట్ స్టార్మ్ గురించి అందరూ భయపెట్టారు గానీ, స్టోరేజీ ఎస్‌ఎస్‌డీ కావడంతో అది పెద్దగా బాధించలేదు. బాధించింది రోమింగ్ ప్రొఫైల్, అంటే ఏ మెషీన్‌లో లాగిన్ అయినా యూజర్ వెంట వచ్చే సెట్టింగులు, ఫైళ్లు. లాగిన్ అయిన ప్రతిసారీ వేల చిన్న ఫైళ్లు కాపీ అవుతూ డెస్క్‌టాప్ రావడానికి రెండు నిమిషాలు పట్టేది. ప్రొఫైల్ మొత్తాన్ని ఒక వీహెచ్‌డీఎక్స్ (వర్చువల్ డిస్క్) ఫైలుగా తగిలించే ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌కు మారాకే ఫిర్యాదులు ఆగాయి. ఇంకొకటి, గోల్డెన్ ఇమేజ్‌లో (వర్చువల్ మెషీన్లన్నిటికీ మూలమైన నమూనాలో) యాంటీవైరస్ షెడ్యూల్డ్ స్కాన్‌ను అలాగే వదిలేయకండి. మధ్యాహ్నం సరిగ్గా ఒకే నిమిషంలో మెషీన్లన్నీ స్కాన్ మొదలుపెట్టడం మా కళ్లారా చూశాం.

జవాబు 3

లైసెన్సుల సంగతి ఎవరూ ఎత్తలేదు. రిమోట్‌యాప్‌ను నడిపే ఆర్‌డీఎస్‌కు (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) 120 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. అంతా బాగానే నడుస్తోందని క్యాల్‌ల (వాడేవారికి కావలసిన యాక్సెస్ లైసెన్సుల) కొనుగోలు వాయిదా వేస్తే, గడువు దాటాక యూజర్ల కనెక్షన్లు ఆగిపోతాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. టెస్ట్ సర్వర్‌లో ఇద్దరిని కూర్చోబెట్టి చూశాం. ఒకరు ప్రింట్ ఇస్తే మరొకరి బిల్లు వచ్చింది! రిపోర్టును సీ డ్రైవ్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌లో ఎప్పుడూ ఒకే పేరుతో రాస్తోందని తేలింది. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ పాత్‌ను సెషన్ టెంప్ ఫోల్డర్‌కు (ఒక్కొక్క యూజర్ సెషన్‌కు విడిగా ఉండే తాత్కాలిక ఫోల్డర్‌కు) మార్చాక సరిపోయింది. తొలి విడతలో స్టోర్స్‌లోని 20 మందికి రిమోట్‌యాప్ ఇస్తున్నాం. వారి యూఎస్‌బీ బార్‌కోడ్ స్కానర్లకు వేరే ఏర్పాటు కావాలా?

జవాబు 1

కీబోర్డుగా పనిచేసే రకమైతే అక్కర్లేదు, కోడ్ టైప్ చేసినట్టే సెషన్‌లోకి వెళుతుంది. సీరియల్ పోర్టు మీద నడిచేవాటికి మాత్రం కామ్ పోర్ట్ రీడైరెక్షన్ (యూజర్ కంప్యూటర్‌లోని సీరియల్ పోర్టును సెషన్‌లోకి అందించే సెట్టింగ్) ఆన్ చేసి పరీక్షించండి.