ఆయిల్ కలర్స్ వాడే గదిలోకి పిల్లిని రానివ్వొచ్చా?

కొండలబొమ్మ (అమలాపురం): నమస్కారమండి. ఇంటి వెనక పెంకుటి గదిలో కొండల బొమ్మలు గీస్తుంటాను. ఎలుకలు కాన్వాసు అంచులు కొరికేస్తున్నాయని ఈ మధ్య ఓ పిల్లికూనను తెచ్చుకున్నాం. ఎలుకల గోల తగ్గింది గానీ, మొన్న పాపికొండల బొమ్మలో ఇంకా తడారని మంచు మీద నడిచేసి, మూలన కూర్చుని పాదాలు నాక్కుంటోంది. మా ఆవిడ ‘దాన్ని గదిలోకి రానివ్వకండి’ అంటోంది. మీరేమంటారు?

గట్టుమీద మర్రి (పాలకొల్లు): ఉంచండి మాస్టారూ. ఆ అడుగుల్ని పొదలనుకుంటారు లెండి. అయినా కొబ్బరిచెట్టే పెద్ద ఎత్తనిపించే కోనసీమలో కూర్చుని కొండలేంటండి? రష్యా చిత్రకారుడు రోరిక్ హిమాలయాలు గీశాడంటే కులూ లోయలో కాపురముండి గీశాడు.

రంగులపెట్టె (రాజమండ్రి): ముందు మీ తెల్ల రంగు ట్యూబు చూడండి. ఫ్లేక్ వైట్ అని ఉంటే అది సీసం. దూరపు కొండలకి నీలంలో తెలుపు దండిగా కలుపుతాం కదా, పిల్లి కాలికి అంటేదీ అదే. ఒంటికి ఏది అంటినా నాకి మింగడం దాని అలవాటు. టైటానియం వైట్‌కి మారండి, పిల్లిని ఉంచుకోండి. అంటిన రంగుని మాత్రం టర్పెంటైన్‌తో తుడవొద్దు. వంటనూనె రాసి, సబ్బునీళ్ళతో కడగాలి. ఇంతకీ మీరు దేంతో తుడిచారు?

కొండలబొమ్మ: కొబ్బరినూనెతోనండి. ఆయ్, మా ఊళ్ళో దానికేం కరువు! మర్రిగారూ, లాంచీలో వెళ్ళి స్కెచ్‌లు వేసుకొచ్చే గీస్తున్నాను. మనం నిలబడ్డ ఈ నేల మాత్రం ఎక్కడిదండి? ఎగువ నుంచి గోదారి మోసుకొచ్చిన ఒండ్రే కదా.

గొడ్లసావిడి (రాజోలు): పశువుల ఆసుపత్రిలో పని చేస్తాను. నేనైతే గడప దాటనివ్వను. తెలుపు మార్చినంత మాత్రాన అయిపోలేదు. టర్పెంటైన్ ఆవిరి గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది, పిల్లి పడుకునేదీ కిందే. పైగా కొన్ని రసాయనాల్ని విరగ్గొట్టడం మన లివర్‌కి చేతనైనంతగా దాని లివర్‌కి చేతకాదు. వానాకాలం కిటికీలు మూసుకుని గీస్తారాయె. ఎలుకలంటారా, కాన్వాసులు చెక్క బీరువాలో పెట్టి గాలికి ఇనప జాలీ కొట్టించండి. వజ్రం బంక పూసిన కాన్వాసైతే ఆ వాసనకే వస్తాయవి.

గట్టుమీద మర్రి: ఇంత టెన్షన్ ఎందుకండి, ఆక్రిలిక్‌కి మారిపోతే సరి.

కొండలబొమ్మ: అది ఇట్టే ఆరిపోతుందండి. కొండ అంచుని మంచులోకి వేలితో మెల్లగా రుద్దుకుంటూ పోవాలంటే రంగు తడిగా ఉండాలి. ఆ పని వదులుకోలేను.

రంగులపెట్టె: అయితే టర్పెంటైన్ మానేయండి. కుంచె లిన్‌సీడ్ నూనెతో తుడిచి సబ్బుతో కడిగితే చాలు. గొడ్లసావిడిగారూ, ఆవిరి లేకపోతే ఇంకేం అభ్యంతరం?

గొడ్లసావిడి: తడి బొమ్మ ఉంటుందిగా! కాడ్మియం, కోబాల్ట్ రంగులు మాత్రం పాలూ పెరుగూనా? రాత్రిపూట బొమ్మలు బీరువాలోకి వెళ్ళి, నేల తుడిచాక అయితే తలుపు తీయండి, కాదనను. ఎలుకలు తిరిగేదీ అప్పుడేగా. నూనె గుడ్డలు మాత్రం కుప్పేసి వదలకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. మూతున్న ఇనప డబ్బాలో నీళ్ళు పోసి వేయండి.

రంగులపెట్టె: గుడ్డల సంగతి ఒప్పుకుంటా. పగలు కూడా ఎదురుగా మనిషుంటే రానివ్వొచ్చనే ఇప్పటికీ నా మాట.

గొడ్లసావిడి: కొండ గీసేటప్పుడు ఆయన పిల్లిని చూస్తారంటారా?