ఉద్యోగం పోయి పది నెలలు: పీఎఫ్ తీయాలా, మిత్తికి తేవాలా?

నయీంనగర్ నుంచి:
హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో ఆరేళ్లు చేశాను. పది నెలల కింద తీసేశారు. కిరాయి కట్టలేక భార్యాపిల్లలతో హన్మకొండ వచ్చేశాను. దాచుకున్నదంతా అయిపోయింది. పీఎఫ్‌లో 2 లక్షల 80 వేలున్నాయి. బాపు మాత్రం "అది ముసలితనానికి, ముట్టుకోకు. తెలిసినాయన దగ్గర 2 లక్షలు ఇప్పిస్తా, నూటికి రెండు రూపాయల మిత్తి" అంటున్నాడు. మీరైతే ఏం చేస్తారు?

ములుగు రోడ్ నుంచి:
తమ్ముడూ, మీ బాపు మాట విను. 2020 లాక్‌డౌన్‌లో పని పోయినప్పుడు నేను పీఎఫ్ తీశాను. ఏడు నెలల్లో ఎటు పోయిందో తెలియలేదు. అప్పైతే నెలనెలా మిత్తి కట్టాలన్న భయం ఉంటుంది, ఆ భయంతోనే ఏదో ఒక పనికి పోతాం. సొంత పైసలైతే అడిగేవాళ్లు ఉండరు.

కాజీపేట నుంచి:
అన్నా, మీకు జరిగింది కాదనను. కానీ భయం పని ఇప్పించదు, నిద్ర పోగొడుతుంది. మా ఇంట్లో చూశాను కాబట్టి చెప్తున్నా.

మా ఆయనకు పద్నాలుగు నెలలు ఉద్యోగం లేదు. మొదటి రెండు నెలలు ఆ సంగతి నాకే తెలియదు. పొద్దున తొమ్మిదింటికి టిఫిన్ డబ్బా పట్టుకుని బయలుదేరేవాడు, రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని సాయంత్రం వచ్చేవాడు. డబ్బాలో అన్నం పెట్టింది పెట్టినట్టే తిరిగి రావడం మొదలయ్యాక గట్టిగా అడిగాను. అప్పుడు చెప్పాడు, మిత్తికి తెచ్చిన సంగతి కూడా. ఫోన్ మోగితే చాలు, ఆయన చేతులు వణికేవి. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చినా మిత్తికిచ్చినవాళ్లేమో అని ఎత్తలేదు.

లెక్క చూడండి. 2 లక్షలకు రెండు రూపాయల మిత్తి అంటే నెలకు 4 వేలు, ఏడాదికి 48 వేలు. అదే 2 లక్షలు పీఎఫ్‌లో ఉంటే 2024-25 రేటు 8.25 శాతం ప్రకారం వచ్చేది 16,500. అంటే పీఎఫ్‌ను కాపాడుకోవడానికి, ఆ వడ్డీ పోను, ఏడాదికి 31,500 నష్టం. జీతం ఉన్నవాళ్లకే అది బరువు.

తమ్ముడూ, ఐదేళ్లు దాటిన సర్వీసు కాబట్టి నీకు టాక్స్ పడదు. మొత్తం ఊడ్చేయకు, ఆరు నెలల ఖర్చుకు సరిపడా తియ్యి. పింఛను భాగం తీసే 10సీ ఫారం మాత్రం నింపకు. పదేళ్ల సర్వీసు ఉంటేనే పింఛను, రేపు మళ్లీ ఉద్యోగం దొరికితే ఈ ఆరేళ్లూ అందులో కలుస్తాయి. ఇంకొకటి, కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోయింది కదా. రేషన్ కార్డు ఉందో లేదో చూసుకో, ఆరోగ్యశ్రీలో 10 లక్షల దాకా వైద్యం ఉంది.

నీ భార్యకు ఈ లెక్కలన్నీ తెలుసా? తెలియకపోతే ముందు ఆ పని చెయ్యి. మనసు మరీ బరువైతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు. మా ఆయన మొదట సిగ్గుపడ్డాడు, మూడోసారికి తనే చేశాడు.

ములుగు రోడ్ నుంచి:
లెక్క ఒప్పుకుంటున్నా అక్కా. కానీ తీసిన పైసలు వేరే ఖాతాలో వేసి, నెలకు ఇంత అని తీసుకోవాలి. నేను అట్ల చేయలేదు కాబట్టే మునిగాను.

నయీంనగర్ నుంచి:
నిన్న రాత్రి కాగితం మీద లెక్క రాసి బాపుకు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పత్తి పెట్టుబడికి తెచ్చిన అప్పుకు తాను ఎన్నేళ్లు మిత్తి కట్టిందీ చెప్పుకొచ్చాడు. నాకు అవేవీ తెలియవు. నా భార్య పక్కనే కూర్చుని అంతా విన్నది. నెలకు 18 వేలతో ఇల్లు నడుపుతానని తనే చెప్పింది. రేపు ఆరు నెలలకు సరిపడా తీయడానికి అప్లై చేస్తున్నాం.